మా క్షితిజమున ఉదయింపని చుక్క

పల్నాడనగానే చదువరులకు కారంపూడి రణరంగమును, నాగులేటి యొడ్డును, నాపరాళ్ల గోడలును, ఎఱ్ఱని మిరపకల్లములును జ్ఞప్తికి వచ్చును. ఖగోళశాస్త్రము జ్ఞప్తికి వచ్చుట అరుదు. మాకు వేధశాల లేదు. కొండకొమ్మున గుమ్మటము లేదు. మా పాఠశాల ప్రయోగశాలలో మూడంగుళముల దూరదర్శిని యొకటి మాత్రము కలదు. ఐనను ఈ సంవత్సరపు సంచికకు మేము వ్రాయబూనినది మన పాలపుంతకు వెలుపల, పొరుగు నక్షత్రమండలము దాపున, హఠాత్తుగా వెలిగి మఱల ఆఱిపోయిన యొక జ్యోతిని గూర్చి. అది మా క్షితిజమున ఎన్నడును ఉదయింపదు. ఉదయించినను, అది వెలిగినది కంటికి కానరాని కిరణములతో. ఇట్టి దానితో పల్నాటి బాలబాలికలకు ఏమి పని యని అడుగువారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి మాకు తోచిన సమాధానమును చదువరుల ముందుంచుచున్నాము.

2020వ సంవత్సరమున, అంటువ్యాధి మూలమున పాఠశాలలన్నియు మూతపడియున్న దినములలో, మా అధ్యాపకులలో కొందఱము ఒక వార్తను చదివితిమి. మన దేశపు ఆస్ట్రోశాట్ అను ఉపగ్రహము చిన్న మెగెల్లాను మేఘము చెంత ఒక అపూర్వమైన ఎక్సుకిరణ జ్యోతిని పరిశీలించినదని ఆ వార్త సారాంశము. మెగెల్లాను మేఘములు రెండు. అవి వానమబ్బులు కావు. మన పాలపుంతకు పొరుగున నున్న చిన్న నక్షత్రమండలములు. దక్షిణదేశములవారు వానిని రాత్రివేళ వట్టి కంటితో చూతురు. 1519లో బయలుదేరిన మెగెల్లాను ఓడప్రయాణమును బట్టి వానికి ఐరోపావారు ఆ పేరిడిరి. ఆ రెండింటి నడుమ వాయువుతోను, విరళమైన నక్షత్రములతోను కూడిన పలుచని త్రోవ యొకటి కలదు. దానిని శాస్త్రజ్ఞులు మెగెల్లాను వంతెన యందురు. మేము చెప్పబోవు జ్యోతి ఆ వంతెనయందున్నది. అక్కడినుండి కాంతి మనలను చేరుటకు రెండులక్షల సంవత్సరములకు ఇంచుమించుగా పట్టును.

దాని పేరు ఆర్‌ఎక్స్ జె 0209.6–7427. వినుటకు ఇంపైన పేరు కాదు. కాని అది పేరు కన్న చిరునామాయే యనదగును. మొదటి అంకెలు తూర్పు పడమరల లెక్కను, చివరి అంకెలు దక్షిణమునకు 74 డిగ్రీల 27 నిమిషములను తెలుపును. 1993లో జర్మనీవారి రోశాట్ ఉపగ్రహము దానిని రెండు పర్యాయములు వెలుగుచుండగా చూచెను. అటుపిమ్మట అది నిదురించెను. ఆ పాత సమాచారమును శోధించినవారు 2005లో దానిని ఒక జంటనక్షత్రముగా ప్రకటించిరి. ఇరువదియాఱు సంవత్సరముల మౌనము తరువాత, 2019 నవంబరు 20వ తేదీన, అంతరిక్షస్థానమునందమర్చిన జపానువారి మ్యాక్సి అను యంత్రము ఆ దిక్కున క్రొత్తవెలుగును కనుగొని లోకమునకు తెలిపెను. వెంటనే అమెరికావారి నైసర్ యంత్రము అటు తిరిగి, ఆ వెలుగు 9.3 సెకండ్లకొకసారి నాడివలె కొట్టుకొనుచున్నదని చెప్పెను. మన ఆస్ట్రోశాట్ కూడ తన పనిని ప్రక్కకుబెట్టి ఆ దెసకు మరలెను. దాని ఫలితములను అమర్ దేవ్ చంద్ర, జయశ్రీ రాయ్, పి. సి. అగర్వాల్, మనోజేందు చౌధురి గార్లు 2020లో ప్రకటించిరి.

పాఠశాల తిరిగి తెఱచిన పిమ్మట మేమీ వార్తను పిల్లలకు చెప్పగా, వారిలో నొకడు వెంటనే, “అయ్యా, అది మనకు ఏ మూల కనబడును?” అని అడిగెను. పుస్తకము చూచి చెప్పుటకంటె లెక్కగట్టి తెలిసికొనుట మేలని మాకు తోచినది. అందఱము పాఠశాల మిద్దె యెక్కితిమి. నల్లబల్లపై గీతలు గీయు పెద్ద కోణమానినికి దారము కట్టి, దాని కొసను చిన్న రాయిని వ్రేలాడదీసి, ధ్రువనక్షత్రము యెత్తును కొలువుమని పిల్లలను రెండు మూడు జట్లుగా విభజించితిమి. ఒక జట్టువారికి పదునైదు డిగ్రీలు వచ్చెను. మఱియొక జట్టువారికి పదునెనిమిది. అన్నింటి సరాసరి పదునాఱింటికి దగ్గరగా తేలెను. నరసరావుపేట అక్షాంశము 16 డిగ్రీల 14 నిమిషములు. దారము, రాయి, చెక్క తప్ప మఱేమియు లేని పరికరముతో తాము భూగోళముమీద ఎచ్చట నిలిచియున్నారో కనుగొన్నందుకు పిల్లల సంతోషమునకు మేర లేదు.

అటుపై లెక్క సులభము. ఉత్తరధ్రువము మాకు ఎంత యెత్తున కనబడునో, దక్షిణధ్రువము మా క్షితిజమునకు అంత క్రిందుగా నుండును. కనుక దక్షిణధ్రువమునకు పదునాఱు డిగ్రీలలోపల నున్న చుక్కలు మాకు ఎన్నడును ఉదయింపవు. భూమి తన చుట్టు తాను తిరుగుచున్నను, ఆ వలయము మాత్రము ఎల్లప్పుడు మా పాదములక్రిందనే తిరుగును. మేము చెప్పు జ్యోతి ఈ కాలమున దక్షిణధ్రువమునకు సుమారు 15 డిగ్రీల 40 నిమిషముల యెడమున నున్నది. అనగా అది తన మిక్కిలి యెత్తైన స్థానమున నున్నప్పుడును మా క్షితిజరేఖకు అర డిగ్రీ పైచిలుకు దిగువన నిలుచును. పూర్ణచంద్రబింబపు వెడల్పు ఇంచుమించు అర డిగ్రీయే. రెండులక్షల సంవత్సరముల త్రోవ నడచివచ్చిన వెలుగు మా గడప చెంత ఒక్క చంద్రబింబమంత దూరమున ఆగిపోవుచున్నదని తెలియగానే పిల్లలు కొంతసేపు మాటాడలేదు.

తరువాత ఒక బాలుడు, “కోటప్పకొండ యెక్కి చూచిన నో?” అనెను. మంచి ప్రశ్న. ఎత్తునకు పోయినకొలది క్షితిజము ఒకింత దిగును. గాలి పొరలు కూడ కాంతిని వంచి చుక్కలను ఉన్నదానికన్న కొంచెము పైకెత్తి చూపును. కాని క్షితిజము చెంత నుండు దుమ్మును, ఆవిరియు పెద్ద చుక్కలనే మ్రింగివేయును. మఱి ఆ జంటలో కంటికాంతి నిచ్చు నక్షత్రమో, మా దూరదర్శినికి సైతము అందనంత మందమైనది. అన్నింటికి మించి, 2019లో అది వెదజల్లిన అసలు వెలుగు ఎక్సుకిరణముల రూపమున నున్నది. కొండ యెంత యెత్తైనను ఆ వెలుగు కంటికి చిక్కదు.

ఎక్సుకిరణములను గూర్చి మా ప్రాంతమున తెలియనివారు లేరు. చెట్టెక్కి పడి చేయి విఱుగగొట్టుకొన్న ప్రతి పిల్లవానికి ఆసుపత్రిలో తీయు చిత్రము జ్ఞాపకముండును. 1895లో రాంట్‌జెన్ పండితుడు కనుగొన్న ఈ కిరణములు మాంసమునుండి దూరిపోవును, ఎముకచే అడ్డగింపబడును. ఐతే మన తలపై నున్న గాలి యంతయు కలసి వానికి పది మీటర్ల లోతు నీటితో సమానమైన తెఱ. ఆకాశమునుండి వచ్చు ఎక్సుకిరణము ఒక్కటియు నేలను చేరదు. ఇది మన ప్రాణములకు రక్ష; మన చూపునకు మాత్రము అడ్డు. కనుక ఈ కిరణములతో వెలుగు చుక్కలను చూడదలచినవాడు గాలిని దాటి పైకి పోవలెను.

కంటికి కనబడనిదానిని చూచుటకు ఉపాయము వెదకుట మా ప్రాంతమునకు క్రొత్త పని కాదు. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణచ్ఛాయ బిజాపురము మొదలు గుంటూరు మీదుగా బందరు వఱకు సాగెను. ఆ దారిలో మా పల్నాటి పొలములు కూడ పట్టపగలు చీకటిలో మునిగెను. ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ అను పండితుడు ఆ గ్రహణము కొఱకే గుంటూరునకు వచ్చియుండెను. చంద్రుడు సూర్యబింబమును మూసిన ఆ కొద్ది నిమిషములలో, అంచున లేచిన మంటల కాంతిని ఆయన పట్టకముతో విడదీసి చూచెను. అందు కనబడిన ప్రకాశరేఖలు మిక్కిలి తీక్ష్ణముగా నుండుటచేత, గ్రహణము లేకపోయినను వానిని చూడవచ్చునని ఆయనకు తోచెను. మఱునాడు ఉదయమున, సూర్యుడు నిండుగా వెలుగుచుండగా, గుంటూరులోనే ఆ మంటలను మఱల చూచెను. అంతకుముందు గ్రహణము పట్టినప్పుడు తప్ప మానవునకు దొరకని దృశ్యము నాటినుండి ప్రతిదినము దొరకసాగెను. సూర్యుడు మాఱలేదు; చూచు విధానము మాఱెను. ఈ కథ జరిగినది లండనులోను పారిసులోను కాదు, మా తాతముత్తాతలు కోర్టుపనిమీద బండ్లు కట్టుకొని పోయిన గుంటూరులో.

నూఱు సంవత్సరములు గడచెను. 1962 జూనులో అమెరికాయందు జియాకోనియు ఆయన సహచరులును రాకెట్టులో యంత్రమును పంపి, వృశ్చికరాశియందు సూర్యునికి వెలుపలి మొదటి ఎక్సుకిరణ నక్షత్రమును కనుగొనిరి. ఈ విద్యకు పునాది వేసినందుకు జియాకోని గారికి 2002లో నోబెలు బహుమానము లభించెను. ఆ వృశ్చికము మా పొలములమీద ప్రతి వేసవిరాత్రి నిలుచునదే. 1968 ఏప్రిలు 28వ తేదీన బొంబాయి టాటా సంస్థవారు హైదరాబాదునుండి పెద్ద బెలూను నొకదానిని పలుచని గాలిలోనికి పంపి, ఆ వృశ్చిక నక్షత్రమునే ఎక్సుకిరణములతో పరిశీలించిరి. మన దేశమున ఈ విద్యకు అది ఆరంభము. తరువాతి సంవత్సరములలో మఱికొన్ని బెలూనులు అట్లే యెగిరెను. ఆ బెలూనుల కాలమున ఈ విద్యయందు ప్రవేశించిన అగర్వాల్ గారే పిమ్మట ఆస్ట్రోశాట్ యంత్రముల నిర్మాణమునకు నాయకత్వము వహించిరి; 2020 వ్యాసకర్తలలో కూడ వారి పేరున్నది. ఒక్క మనుష్యుని జీవితకాలములో బెలూను ఉపగ్రహమైనది.

ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28వ తేదీ ఉదయము పది గంటలకు శ్రీహరికోటనుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టుపై బయలుదేరెను. దాని బరువు 1,500 కిలోలకు కొంచెము ఎక్కువ. భూమికి సుమారు 650 కిలోమీటర్ల యెత్తున, భూమధ్యరేఖకు దగ్గరగా తిరుగునట్లు పంపిరి. ఐదు సంవత్సరముల పనికై ఉద్దేశింపబడినను, ఆ గడువు దాటిన పిమ్మటను పనిచేసెను. శ్రీహరికోట మాకు దక్షిణముగా నుండుటచేత, లెక్క ప్రకారము మేము చెప్పిన చుక్క అచ్చటి సముద్రముపై రెండు డిగ్రీల యెత్తు వఱకు లేచును. మన తీరమునుండి బయలుదేరిన యంత్రమో, గాలియు క్షితిజమును అడ్డులేనిచోటికి పోయి, మాకు దాగిన దక్షిణాకాశమును నిండుగా చూడగలిగినది. అందలి ఒక పరికరమునందు జెనాను అను వాయువు నింపబడియుండును. ఎక్సుకిరణము ఆ వాయువును తాకినప్పుడు చిన్న విద్యుత్స్పందనము పుట్టును. అది యే క్షణమున పుట్టినదో సెకండులో లక్షవ భాగము వఱకు వ్రాసికొనుట ఆ పరికరము నేర్పు.

ఆ విధముగా వ్రాసికొన్నదానివలన ఏమి తెలిసినదో పిల్లలకు చెప్పినట్లే చెప్పెదము. ఆ జంటలో ఒకటి సూర్యునికంటె ఎన్నో రెట్లు పెద్దదైన వేడి నక్షత్రము. అది మిక్కిలి వడిగా తిరుగుచు, తిరగలి చుట్టును పిండి రాలినట్లు, తన నడుము చుట్టును వాయువును వెదజల్లుకొనును. రెండవది చనిపోయిన మహానక్షత్రపు అవశేషము; దీనిని న్యూట్రాను నక్షత్రమందురు. దాని అడ్డుకొలత ఇరువది కిలోమీటర్లు, అనగా నరసరావుపేటనుండి చిలకలూరిపేట వఱకు గల దూరము. దాని బరువో, సూర్యుని బరువునకు మించినది. తిరగలి చుట్టు పిండి దండిగా పేరుకొన్న కాలమున ఈ చిన్నది అటుగా వచ్చిన, ఆ వాయువును తనవైపు లాగుకొనును. దాని అయస్కాంతశక్తి ఆ వాయువును ధ్రువములకు మరల్చి పడవేయును. ఊహింపరాని వేగముతో పడిన వాయువు కాగి ఎక్సుకిరణములుగా వెలుగును. చిన్నది తిరుగుచుండుటచేత ఆ వెలుగు, సముద్రతీరపు దీపస్తంభమువలె, 9.3 సెకండ్లకొకసారి మనవైపు తిరిగిపోవును. పడుచున్న వాయువు త్రోపుడువలన ఆ తిరుగుడు కూడ క్రమముగా వడి హెచ్చుచుండెనని కొలిచి చెప్పిరి.

వెలుగు పరిమాణమును గూర్చి ఒక్క మాట. ఆస్ట్రోశాట్ కొలిచిన ఎక్సుకిరణకాంతియే సూర్యుని పూర్ణతేజస్సునకు నలువదివేల రెట్లకు తక్కువ కాదు. ఒక వస్తువు ఎంత వెలిగినను, ఆ వెలుగే వెలుపలికి త్రోయుచు తనపై పడు వాయువును ఆపివేయు హద్దొకటి కలదు. ఈ చిన్న నక్షత్రము ఆ హద్దును సమీపించెను. అత్యంత ప్రకాశముగా నున్న దినములలో దానిని దాటెననియు ఇతర యంత్రముల కొలతలు తెలిపినవి. ఇట్లు హద్దు మీఱి వెలుగు న్యూట్రాను నక్షత్రములు మన యెఱుకలో బహుకొద్ది. అందును ఇంత దగ్గరివి వ్రేళ్లపై లెక్కింపదగినవి. రెండులక్షల సంవత్సరముల దూరమును దగ్గర యనుట చూచి నవ్వకుడు. ఆకాశమున పొరుగనగా అదియే.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. మా విద్యార్థినులలో ఒకతె గురజాల వైపు పల్లెనుండి వచ్చునది. ఆ మిద్దెమీది కొలతలలో ఆమె లెక్కయే అన్నింటికన్న సరిగా వచ్చెను. నాటినుండి ఇంటియొద్ద కూడ రాత్రులందు చుక్కల పటము పట్టుకొని కూర్చుండెడిది. ఒకనాడు ఆమె తండ్రి పాఠశాలకు వచ్చెను. సాగరు కుడికాలువ చివరిభూమిలో రెండెకరముల మిరప, ఎకరము ప్రత్తి వేసిన రైతు. ఆయన నిలువబడియే, “పంతులుగారూ, మా పిల్ల రాత్రుళ్లు మిద్దెక్కి చుక్కలు చూస్తందండి. చుక్కలు చూస్తే కూడొస్తదా? పదోది కాంగానే మాన్పిద్దామనుకుంటన్నా,” అనెను. మాటలో కోపము లేదు, అలసట యున్నది. ఆ యేడు మిరపకు తెగులు తగిలినది.

మేము ఆయనకు ఉద్యోగములను ఆశజూపలేదు. మా చేతిలో లేనిదానిని వాగ్దానము చేయుట న్యాయము కాదు. కూర్చుండబెట్టి, మంచినీరిచ్చి, ఈ జ్యోతి కథను చెప్పితిమి. ఇరువదియాఱేండ్లు అది చీకటిగా నుండెననియు, మఱల ఎప్పుడు వెలుగునో ఎవ్వరికిని తెలియదనియు, ఐనను ఎవరో యొకరు ఆ దిక్కును విడువకుండ కాచుకొనియుండిరనియు చెప్పితిమి. ఆయన శ్రద్ధగా విని, “ఎప్పుడొస్తదో తెలవకుండా కూచున్నారా?” అనెను. అంతట మేము, “మీ కాలువనీటి వంతు ఎప్పుడు వచ్చునో మీకు తెలియునా?” అని అడిగితిమి. ఆయన నవ్వి, “యాడ తెలుస్తదండి! తూము కాడ పడుకోవాల. కునుకు తీస్తే నీళ్లు పక్క చేలోకి పోతయ్,” అనెను. కొంతసేపు ఊరకుండి, “అయితే వాళ్లు కూడా వంతు కాసేవాళ్లేనన్నమాట,” అని తనలో తాననుకొన్నట్లు పలికెను.

మేము చెప్పదలచినదానిని మాకన్న ఆయనయే బాగుగా చెప్పెను. ఆకాశమును చూచువారును, తూము చెంత మేలుకొనువారును చేయునది ఒక్క పనియే. రాక తెలియనిదానికై సిద్ధముగా నుండుట. 2019 నవంబరులో ఆ దిక్కున కన్నుంచిన యంత్రము లేకున్న, ఆ వెలుగు మన ప్రక్కనుండి పొరుగు చేలోనికి పోయిన నీటివలె పోయియుండెడిది. మఱి ఇరువదియాఱేండ్లకైనను తిరిగి వచ్చునను నమ్మకము లేదు. 1993లో మా బడి బల్లలపై కూర్చున్న పిల్లలు 2019 నాటికి తమ పిల్లలను ఇదే బడికి పంపుచుండిరి. ఒక తరము చూచినదానిని వ్రాసిపెట్టకున్న, తరువాతి తరమునకు వచ్చినది క్రొత్తయో పాతయో తెలియదు. రోశాట్ పుస్తకమున ఆ చుక్క పేరు వ్రాసియుండుటచేతనే, మ్యాక్సి చూచినది దానినే యని గుర్తింపగలిగిరి.

వెళ్లునప్పుడు ఆ రైతు, “ఈ ఏడు మాన్పించను లెండి. తర్వాత సంగతి కాపును బట్టి చూద్దాం,” అనెను. ఆ బాలిక ప్రస్తుతము ఇంటర్మీడియేటు గణితము చదువుచున్నది. ఆపై చదువు మిరప ధర మీద ఆధారపడియున్నదని మాకు తెలియును. ఆమె సామర్థ్యము మీద ఆధారపడి యుండవలసినదానిని మార్కెట్టు యార్డులోని బస్తా ధర నిర్ణయించుట మాకు బాధాకరము. దీనిని ఇచ్చట దాచక వ్రాయుచున్నాము. మా పాఠశాల పూర్వవిద్యార్థులు ఈ సంచికను చదువుదురు. వారిలో శక్తిగలవారికి ఇంతకన్న చెప్పనక్కఱలేదు.

పిల్లలకు మాత్రము ఇంకొక మాట చెప్పవలసియున్నది. మనకు ఉదయింపని చుక్కకై విచారింపకుడు, ఉదయించువానిని చూడుడు. కార్తికమాసపు రాత్రులలో ఉత్తరాభాద్ర నక్షత్రమును గుర్తించి, దానికి ఈశాన్యముగా కన్ను త్రిప్పిన, చిన్న ఆవిరి మచ్చ వంటిది కనబడును. అది ఆండ్రొమెడా నక్షత్రమండలము. ఇరువదియైదు లక్షల సంవత్సరముల నాటి వెలుగది. వట్టి కంటితో పల్నాటినుండి చూడదగినవానిలో అంతకన్న దూరమైనది మఱియొకటి లేదనవచ్చును. 1885లో అందొక నక్షత్రము ప్రేలి మెఱసెను. 2012 జనవరిలో ఆ మచ్చయందే ఎక్సుకిరణముల ఆగంతుకజ్యోతి యొకటి పుట్టినట్లు ఐరోపావారి ఉపగ్రహము కనుగొనెను. అది కృష్ణబిలము చుట్టు కాగిన వాయువు వెలుగని తేల్చిరి. మీరు ఆ మచ్చను చూచుచున్న క్షణమున అందు ఎట్టి దీపము వెలిగి ఆఱుచున్నదో ఎవరు చెప్పగలరు?

ఐతే ఆ మచ్చను చూచుట కూడ నానాటికి కష్టమగుచున్నది. పట్టణముల దీపకాంతియు, పిడుగురాళ్ల వైపు సున్నపుబట్టీల పొగయు ఆకాశమును తెల్లబఱచుచున్నవి. నరసరావుపేట నడిబొడ్డున పాలపుంత కానరాదు. మాచర్ల దాటి నల్లమల అంచునకు పోయిన ఇప్పటికిని కనబడును. అచ్చటి పల్లెలనుండి వచ్చు పిల్లలు తమకు ఏ వసతియు లేదని చిన్నబుచ్చుకొనుట మేము తఱచు వినుచున్నాము. వారికి పట్టణపు పిల్లలకు లేని సంపద యొకటి కలదు. అది చీకటి. దానిని చులుకన చేయకుడు.

ఆస్ట్రోశాట్ సేకరించిన సమాచారము 2018 మొదలు, నియమితమైన గడువు తీఱిన పిదప, అందఱికిని తెఱచియుంచబడుచున్నది. గణితమును, కొంత ఓపికయు గలవాడు ఎచ్చటనుండియైనను దానిని శోధింపవచ్చును. పాత సమాచారమునుండియే 2005లో ఈ చుక్క స్వభావము బయటపడెనని పైన చెప్పియుంటిమి. కనుక వేధశాల లేదనుట ఇక సాకుగా చెల్లదు. నేడు మా తరగతులలో నున్న ఏ బాలుడో బాలికయో రేపు అట్టి మూటను విప్పి, ఇతరులు గమనింపని చిన్న స్పందనమును పట్టుకొనవచ్చును. వారు కావలసినవారల్లా, దారము రాయి కట్టిన కోణమానినిని తేలిక చేయనివారును, చూచినదానిని తేదీ వేసి వ్రాసికొనువారును, తమ వంతు వచ్చువఱకు మేలుకొని యుండగలవారును.

విద్యార్థులారా, ఈ సెలవులలో ఒక చిన్న పుస్తకమును కొనుడు. ప్రతి రాత్రియు, మబ్బు లేనప్పుడు, ఒక్క పంక్తియైనను అందు వ్రాయుడు. తిరిగి బడి తెఱచినప్పుడు ఆ పుస్తకములను మా బల్లమీద ఉంచుడు. మేము చదివెదము.